విద్యార్థి బృందం సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు: ప్రగతిని ఏ రూపంలో చెప్పాలి?

నలుగురైదుగురు విద్యార్థులు కలిసి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మొదలుపెట్టగానే, పని ఎంతవరకు వచ్చిందో ఎప్పటికప్పుడు చెబుతూ ఉండమని గైడు అంటారు. ఎలా చెప్పాలో మాత్రం చాలాసార్లు ఎవరూ చెప్పరు. దాంతో ఒక బృందం స్లైడ్లు తయారుచేస్తుంది, మరో బృందం గాంట్ చార్టుకు (పనులను తేదీల వారీగా పట్టీలుగా చూపే పటానికి) రంగులు వేస్తుంది, ఇంకో బృందం తమ పనుల బోర్డు లింకు పంపి ఊరుకుంటుంది. పని చేయడానికి ఉన్న సమయంలో మంచి భాగం పని గురించి చెప్పడానికే ఖర్చవుతుంది. ఇంతా చేసి ప్రాజెక్టు అసలు ఎక్కడుందో గైడుకు తెలియదు, ఒక్కోసారి బృందానికీ తెలియదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒక సెమిస్టరు పాటు నడిచే ప్రాజెక్టుకు, ఆరుగురికి మించని బృందానికి, వారానికి ఒక అరపేజీ నోటు, రెండు వారాలకోసారి నడుస్తున్న ప్రోగ్రాముతో డెమో ఉంటే చాలు. మిగతావన్నీ బృందం లోపలి అవసరాలకో, ప్రత్యేక సందర్భాలకో పనికొస్తాయి. ఈ సలహాను పక్కన పెట్టవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి, వాటినీ చెబుతాను.

చదివేవారు ఏం తేల్చుకోవాలి?

నివేదిక అందుకున్నవారు దాన్ని చూసి ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి. ఈ బృందానికి సాయం కావాలా, ప్రాజెక్టు పరిధి తగ్గించాలా అన్నది గైడు తేల్చుకోవాలి. బయటి క్లయింటు ఉంటే, తాము అడిగినదే తయారవుతోందా లేదా అన్నది వారికి కావాలి. మార్కులు వేసే ప్యానెల్‌కు ఎవరు ఏం చేశారో, చేసినది అర్థమై చేశారో లేదో తెలియాలి. తోటి సభ్యులకు వీటిలో ఏదీ అక్కర్లేదు. అవతలివారి భాగం సిద్ధమైతే తమ భాగం మొదలుపెట్టవచ్చు, వారు చూసేది అంతే.

ఈ నలుగురికీ ఒకే పత్రం సరిపోదు. చాలా బృందాలు చేసే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది: తమ లోపలి పనుల జాబితాను ఉన్నదున్నట్టు గైడుకు పంపడం, లేదా గైడు కోసం చేసిన స్లైడ్లనే తమ ప్రణాళికగా వాడుకోవడం. ఎవరికి చెబుతున్నామో తేలితే రూపం ఎంచుకోవడం సగం పూర్తయినట్టే.

శాతాలు వద్దు

ఏ రూపం ఎంచుకున్నా, "60 శాతం పూర్తి" అన్న మాట మాత్రం రాయకండి. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. ఆ 60 దేనిలో 60? రాసిన కోడులోనా, గడిచిన రోజుల్లోనా, జాబితాలోని పనుల్లోనా? అడిగితే సాధారణంగా జవాబు ఉండదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన టామ్ కార్గిల్ పేరు మీద 1980ల నుంచి ప్రచారంలో ఉన్న ఒక సూత్రం ప్రోగ్రామర్లందరికీ తెలుసు: మొదటి 90 శాతం కోడుకు 90 శాతం సమయం పడుతుంది, మిగిలిన 10 శాతానికి ఇంకో 90 శాతం పడుతుంది. విద్యార్థి ప్రాజెక్టుల్లో ఆ చివరి 10 శాతం అంటే విడివిడిగా రాసిన భాగాలను ఒకచోట కలపడం. లాగిన్ ఒకరి ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, వెతికే పేజీ మరొకరి ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. రెండూ కలిపిన రోజున రెండూ ఆగిపోతాయి. శాతంలో ఇది కనిపించదు.

అందుకే "పూర్తి" అనే మాటకు బృందమంతా కలిసి ఒకే అర్థం పెట్టుకోవాలి. నేను సూచించేది ఇది: కోడు మెయిన్ బ్రాంచిలో (బృందమంతా పంచుకునే ప్రధాన ప్రతిలో) కలిసింది, టెస్టులు గట్టెక్కాయి, రాసినవారు కాకుండా మరో సభ్యుడు తన కంప్యూటర్‌లో నడిపి చూశాడు. ఈ మూడూ జరిగితే పూర్తి. లేకపోతే పూర్తి కాలేదు. మధ్యలో "దాదాపు" లేదు. ఈ కొలత కఠినంగా అనిపిస్తుంది కానీ, మొదటి రెండు వారాలు పాటిస్తే నివేదిక రాయడం తేలికవుతుంది, ఎందుకంటే ఏ పనికైనా ఉండేది రెండే స్థితులు.

వారం నోటు

రాతపూర్వక నోటుకు పెద్ద బలం, అది ఆలోచింపజేస్తుంది. మాటల్లో "అది చూస్తున్నాం సార్" అని దాటేసిన విషయాన్ని రాయవలసి వస్తే, ఏం చూస్తున్నామో మనకే స్పష్టంగా తెలియదని బయటపడుతుంది. పాత నోట్లు మిగిలి ఉంటాయి కాబట్టి మూడు వారాలుగా ఒకే వాక్యం తిరిగి వస్తోందా అన్నది కూడా కనిపిస్తుంది. బలహీనత కూడా ఉంది: రాతలో దేన్నయినా అందంగా చెప్పవచ్చు. నడవని ప్రోగ్రాము గురించి కూడా చక్కటి నోటు రాయవచ్చు.

గ్రంథాలయంలో పుస్తకాలు ముందుగా రిజర్వు చేసుకునే యాప్ తయారుచేస్తున్న ఒక బృందాన్ని ఊహించుకోండి. వాళ్ల నోటు ఇలా ఉందనుకుందాం:

"ఈ వారం లాగిన్ మాడ్యూలు మీద పనిచేశాం. డేటాబేస్ డిజైను దాదాపు పూర్తయింది. ఫ్రంట్ ఎండ్ పనులు జరుగుతున్నాయి. కొన్ని సాంకేతిక సమస్యలు ఎదురయ్యాయి, పరిష్కరిస్తున్నాం. వచ్చే వారం మిగతా పనులు కొనసాగిస్తాం."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, కానీ చదివాక గైడు చేయగలిగింది కూడా ఏమీ లేదు. అదే వారాన్ని ఇలా రాయవచ్చు:

"ఇప్పుడు పాఠకుడు ఖాతా తెరిచి, లాగిన్ అయి, పేరుతో పుస్తకం వెతకగలడు. ఇది మెయిన్ బ్రాంచిలో ఉంది, టెస్ట్ సర్వర్‌లో నడుస్తోంది. రిజర్వు బటన్ కనిపిస్తోంది కానీ పనిచేయదు. ఒకే ప్రతిని ఇద్దరు ఒకేసారి రిజర్వు చేస్తే ఇద్దరికీ దొరికినట్టు చూపిస్తోంది. డేటాబేస్ ట్రాన్సాక్షన్‌తో సరిచేయాలని చూస్తున్నాం, బుధవారంలోపు కాకపోతే మీ దగ్గరకు వస్తాం. గడువు గుర్తుచేసే ఈమెయిల్‌ను మొదటి వెర్షన్ నుంచి తీసేయవచ్చా? ఇది మీరు చెప్పాలి. వచ్చే వారం లక్ష్యం: రిజర్వేషన్, దాని రద్దు."

రెండో నోటు మొదటి వాక్యంలో కర్త పాఠకుడు. యాప్ వాడే మనిషి ఈ రోజు ఏం చేయగలడు అన్నదానితో మొదలుపెడితే, మనం ఎంత కష్టపడ్డామో చెప్పాలన్న ఆత్రం దానంతట అదే తగ్గుతుంది. సమస్యను పేరు పెట్టి చెప్పారు, ఎప్పటివరకు ప్రయత్నిస్తారో చెప్పారు. గైడు నుంచి ఒక నిర్ణయం అడిగారు. బిజీగా ఉండే గైడు నోటు మొత్తం చదవకపోయినా ఆ ఒక్క ప్రశ్నకు జవాబిస్తారు, బృందానికి దారి తెరుచుకుంటుంది.

నోటు ఎవరు రాయాలి? వారానికొకరు. ఎప్పుడూ ఒకరే రాస్తే, ప్రాజెక్టు మొత్తం అర్థమైనవారు ఆ ఒక్కరే అవుతారు. రాసినదాన్ని పంపేముందు మిగతావారు ఒకసారి చూడాలి, అంతే. అరపేజీ దాటితే మళ్లీ కుదించండి.

డెమో

ఉన్న రూపాలన్నిటిలో అబద్ధం ఆడటం అన్నిటికంటే కష్టమైనది డెమోలోనే. అందుకే నేను దానికి పెద్ద పీట వేస్తాను. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి రాసిన అజైల్ మానిఫెస్టో (సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న దశల్లో తయారుచేయాలనే ప్రకటన) వెనక 12 సూత్రాలున్నాయి. పనిచేసే సాఫ్ట్‌వేరే ప్రగతికి ప్రధాన కొలమానం అన్నది వాటిలో ఒకటి. అజైల్ పేరుతో వచ్చిన పద్ధతుల్లో కొన్ని విద్యార్థులకు పనికిరావు కానీ, ఈ సూత్రం మాత్రం ముగ్గురున్న బృందానికి కూడా అక్షరాలా వర్తిస్తుంది.

అయితే డెమోను కూడా తప్పుదారి పట్టించవచ్చు. ముందే నింపిపెట్టిన డేటాతో, ముందే అనుకున్న బటన్లు, ముందే అనుకున్న క్రమంలో నొక్కితే ఏ ప్రోగ్రామైనా బాగానే కనిపిస్తుంది. కాబట్టి రెండు నియమాలు పెట్టుకోండి. మొదటిది, డెమో రోజున రిపోజిటరీని (బృందం కోడంతా ఉండే చోటును) కొత్త ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి, అంటే నకలు తీసి, అక్కడి నుంచి నడిపి చూపించండి. ఎవరో ఒకరి ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉన్న కాన్ఫిగరేషన్ ఫైలు, రిపోజిటరీలో చేర్చడం మరిచిపోయిన లైబ్రరీ, చేతితో సృష్టించిన డేటాబేస్ టేబుల్ అన్నీ అక్కడే బయటపడతాయి. మొదటిసారి ఇది ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది చివరి సమర్పణ నాటి రాత్రి కాకుండా నాలుగో వారంలో రావడం ఎంతో మేలు. రెండోది, చివరి మూడు నిమిషాలు మౌసు గైడు చేతికి ఇవ్వండి. ఆయన ఖాళీ ఫారం సమర్పిస్తారు, పుస్తకం పేరు బదులు అంకెలు కొడతారు, వెనక్కి బటన్ నొక్కుతారు. ఆ మూడు నిమిషాల్లో దొరికే బగ్గులు నెల రోజుల స్లైడ్లలో దొరకవు.

డెమో పది నిమిషాలకు మించనక్కర్లేదు. ప్రతిసారీ వేరే సభ్యుడు నడిపించాలి, వీలైతే తాను రాయని భాగాన్ని.

కనిపించని పని మాటేమిటి? సర్వర్ వైపు పనిచేసేవారు, డేటాబేస్‌ను సరిదిద్దినవారు తెర మీద చూపించడానికి ఏమీ లేదని బాధపడతారు, అందులో న్యాయముంది. పోస్ట్‌మన్ లాంటి సాధనంతో సర్వర్‌కు అభ్యర్థన పంపి వచ్చిన జవాబు చూపించవచ్చు. డేటాబేస్‌లో వెతకడాన్ని వేగవంతం చేసే ఇండెక్స్ పెట్టకముందు, పెట్టాక ఒకే వెతుకులాటకు ఎంత సమయం పట్టిందో పక్కపక్కన చూపించవచ్చు. గత వారం విఫలమైన టెస్టు ఈ వారం గట్టెక్కడం చూపించవచ్చు. ఇవన్నీ డెమోలే.

ఇంటర్నెట్ మీద ఆధారపడిన ప్రాజెక్టయితే ముందురోజు రికార్డు చేసిన వీడియో ఒకటి దగ్గర ఉంచుకోండి. అది నెట్ పోయినప్పటి కోసమే. వీడియోనే డెమోగా పంపే అలవాటు మొదలైతే డెమోకున్న విలువ పోతుంది.

బోర్డు, స్టాండప్: బృందం లోపలికి

పనులను కార్డులుగా రాసి, చేయవలసినవి, చేస్తున్నవి, అయినవి అని వరుసల్లో పెట్టే కాన్‌బాన్ బోర్డు టయోటా కర్మాగారాల నుంచి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చింది. బృందానికి ఇది నిజంగా ఉపయోగం. కానీ గైడుకు ఆ లింకు పంపి అదే నివేదిక అనడం సరికాదు. 40 కార్డుల్లో ఏది ముఖ్యమో బయటివారికి తెలియదు. పైగా గైడు చూస్తున్నారని తెలిస్తే కార్డులు సమీక్ష ముందు రాత్రే కదులుతాయి, అప్పుడు బోర్డు బృందానికి కూడా పనికిరాకుండా పోతుంది.

బోర్డులో చూడవలసినది ఒకే ఒక్కటి, "చేస్తున్నవి" వరుస. నలుగురున్న బృందంలో అక్కడ తొమ్మిది కార్డులుంటే అన్నీ మొదలయ్యాయి, ఏదీ ముగియడం లేదని అర్థం. మనిషికి ఒక కార్డు, మహా అయితే రెండు అని పరిమితి పెట్టుకోండి. కార్డు పని రెండు రోజులకు మించితే దాన్ని విడగొట్టండి.

స్టాండప్ విషయానికొస్తే, స్క్రమ్ అనే అజైల్ పద్ధతిలో అది పని గురించి బృందం ప్రతిరోజూ మాట్లాడుకునే 15 నిమిషాల సమావేశం. రోజంతా ఒకే పని మీద ఉండే ఉద్యోగులకు అది సరిపోతుంది. ఇతర తరగతులు, పరీక్షలు ఉన్న విద్యార్థులకు చాలా రోజుల్లో చెప్పడానికి కొత్తగా ఏమీ ఉండదు, చెప్పడానికి ఏమీ లేని సమావేశం వారంలోనే చచ్చిపోతుంది. వారానికి రెండుసార్లు చాలు. కలవడం కుదరకపోతే గ్రూపులో తలా రెండు వాక్యాలు రాయవచ్చు. గైడును స్టాండప్‌కు పిలవకండి. ఆయన ఉంటే అందరూ ఆయన వైపు తిరిగి జవాబు చెబుతారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

చార్టులు

గాంట్ చార్టు ప్రతిపాదన దశలో పనికొస్తుంది. ఏ పని తర్వాత ఏ పని మొదలవ్వాలో, పరీక్షల వారాలు ఎక్కడ అడ్డొస్తాయో, తెప్పించుకోవలసిన సెన్సార్లు లేదా సర్క్యూట్ బోర్డులు ఉంటే అవి ఎప్పటికి చేతికొస్తాయో ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ తర్వాత ప్రతి వారం దాన్ని సవరిస్తూ కూర్చోవడం దండగ. నాలుగైదు మైలురాళ్లు మాత్రం ఉంచుకుని, తేదీ మారినప్పుడు కొత్త తేదీతో పాటు పాతదాన్నీ చూపించండి.

బర్న్‌డౌన్ చార్టును చిన్న విద్యార్థి బృందాలకు నేను సిఫార్సు చేయను. మిగిలిన పని రోజురోజుకూ తగ్గుతూ రావడాన్ని గీతగా చూపడం దాని ఉద్దేశం. అంచనాలు వేయడంలో అనుభవం లేని బృందానికి ఆ గీత చివరి రోజు వరకు చదునుగా ఉండి ఒక్కసారిగా కిందికి పడుతుంది. కోర్సులో తప్పనిసరి అయితే బర్న్‌అప్ అడగండి. అందులో అయిన పని ఒక గీత, మొత్తం పని మరో గీత. మధ్యలో కొత్త ఫీచర్లు చేరి పరిధి పెరిగితే అది దాగకుండా కనిపిస్తుంది.

కమిట్ చరిత్ర: సాక్ష్యమే కానీ నివేదిక కాదు

ఎవరు ఎంత పనిచేశారన్న గొడవ ప్రతి బృందంలోనూ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడు అందరి చూపూ, కోడును ఉంచే గిట్‌హబ్ సైటులోని కంట్రిబ్యూటర్ల గ్రాఫు మీద పడుతుంది. దాన్ని చూసి మార్కులు వేయడం అన్యాయం, కారణాలు సాంకేతికమైనవే. ఆ గ్రాఫు ప్రధాన బ్రాంచిలోని కమిట్‌లనే (నమోదు చేసిన కోడు మార్పులనే) లెక్కిస్తుంది కాబట్టి ఇంకా కలపని బ్రాంచిలో చేసిన పని అందులోకి రాదు. ల్యాప్‌టాప్‌లో గిట్‌కు (మార్పులను నమోదు చేసే సాధనానికి) ఇచ్చిన ఈమెయిల్, గిట్‌హబ్ ఖాతాలోని ఈమెయిల్ వేరైతే ఆ కమిట్‌లు ఆ మనిషి ఖాతాకు చేరవు. స్క్వాష్ చేసి కలిపితే 30 కమిట్‌లు ఒక్కటిగా మారతాయి. ఇద్దరు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని రాస్తే ఒకరి పేరే పడుతుంది, కమిట్ సందేశం చివర సహరచయిత వరుసను ప్రత్యేకంగా చేర్చితే తప్ప. కోడు వరుసల లెక్క ఇంకా ఘోరం. దానంతట అదే తయారయ్యే ప్యాకేజీ లాక్ ఫైలు ఒకటి చేరితే వేల వరుసలు ఒకరి ఖాతాలో పడతాయి, మూడు రోజులు వెతికి సరిచేసిన బగ్గుకు ఒకే ఒక్క వరుస.

కమిట్‌లు చెప్పగలిగింది కాలం గురించి. పని సెమిస్టరంతా పరుచుకుని సాగిందా, గడువుకు ముందు రెండు రాత్రుల్లో జరిగిందా అన్నది అక్కడ దాగదు. ఎవరి వంతు ఎంత అన్నది తేలాలంటే మాత్రం మనుషులను అడగాలి. వారం నోటు చివర ప్రతి సభ్యుడూ రెండు వరుసలు రాయవచ్చు: నేను ముగించినది, నేను సాయపడినది. రెండోది తప్పక ఉండాలి. ఇతరుల కోడు సమీక్షించే, సర్వర్ పడిపోతే లేచి నిలబెట్టే సభ్యుడి శ్రమ ఇంకెక్కడా నమోదు కాదు.

ఈ సలహా మారే సందర్భాలు

బయటి క్లయింటు కోసం చేసే ప్రాజెక్టయితే వారం నోటు బదులు నిర్ణయాల జాబితా పంపండి: ఏ తేదీన ఏది అనుకున్నాం, ఎవరు ఒప్పుకున్నారు. మూడో నెలలో "మేం ఇది అడగలేదు" అన్న మాట వచ్చినప్పుడు అది కాపాడుతుంది. క్లయింటుకు కోడు, బోర్డు, సాంకేతిక పదాలు ఏవీ వద్దు. డెమో ముఖ్యం.

సభ్యులు వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు వేళల్లో పనిచేస్తుంటే రాతకు బరువు పెంచాలి. నోటు వారానికి రెండుసార్లు రాయండి, డెమో మాత్రం అందరూ ఉన్నప్పుడే చేయండి.

మెషీన్ లెర్నింగ్ లాంటి పరిశోధన తరహా ప్రాజెక్టుకు డెమో ఎక్కువ చెప్పదు. చాలా వారాలు ఫలితం లేకుండానే పోతాయి, అది తప్పు కాదు. అక్కడ ప్రయోగాల పట్టిక పెట్టుకోవాలి: ఏం మార్చాం, ఏ డేటాతో శిక్షణ ఇచ్చాం, ఏ కొలత ఎంత వచ్చింది, దాన్నిబట్టి ఏం తేల్చుకున్నాం. కొలతలన్నీ ఒకే వాలిడేషన్ డేటా (శిక్షణలో వాడకుండా పరీక్షకు పక్కన పెట్టినది) మీద తీసినవై ఉండాలి. గత వారం డేటాలో ఒక భాగం మీద, ఈ వారం మరో భాగం మీద తీసిన కచ్చితత్వాలను పక్కపక్కన పెట్టి మెరుగైందనడం చాలా నివేదికల్లో కనిపిస్తుంది, ఆ పోలిక చెల్లదు. విఫలమైన ప్రయోగాలు కూడా పట్టికలో ఉండాలి.

తెలియని ప్యానెల్ ముందు మధ్యంతర సమీక్ష ఉంటే స్లైడ్లు తప్పవు. వాళ్లు మీ ప్రాజెక్టును మొదటిసారి చూస్తున్నారు, సమస్య ఏమిటో చెప్పకుండా డెమో మొదలుపెడితే అర్థం కాదు. సమస్యకు రెండు స్లైడ్లు, నిర్మాణానికి ఒకటి, వెంటనే డెమో, ఆ తర్వాత మిగిలిన పనికి ఒకటి. అంతకు మించి వద్దు.

వెనకబడినప్పుడు

అన్నిటికంటే కష్టమైన నివేదిక ఇదే, చాలా బృందాలు దీన్ని రాయకుండా తప్పించుకుంటాయి. వచ్చే వారం అందుకుంటాంలే అన్న ఆశతో రెండు వారాలు, మూడు వారాలు గడిచిపోతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఐదో వారంలో వెనకబడ్డామని చెబితే గైడు ఫీచర్లు తగ్గించగలరు. పన్నెండో వారంలో చెబితే సానుభూతి మాత్రమే చూపగలరు.

ఆలస్యాన్ని చెప్పేటప్పుడు సంజాయిషీ ఒక వాక్యం చాలు. మిగతా చోటంతా రెండు మూడు దారులకు ఇవ్వండి: రిజర్వేషన్ ఉంచి ఈమెయిల్ తీసేస్తే గడువుకు అందుతుంది, రెండూ ఉంచితే టెస్టింగ్‌కు సమయం మిగలదు, మా మొగ్గు మొదటిదానికి. పక్క బృందం నుంచి ఇంకో మనిషిని ఇవ్వమని మాత్రం అడగకండి. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు. కొత్తగా వచ్చినవారికి కోడు అర్థమయ్యేలా చెప్పాల్సింది, అప్పటికే తీరిక లేని పాత సభ్యులే.

చివరి మూడు వారాలు

ఇక్కడ నోటు రూపం మార్చండి. కొత్త ఫీచర్లు ఆపిన తేదీని మొదటి వరుసలో రాయండి. దాని కింద, ఇంకా ఉన్న బగ్గులను మూడు గుంపులుగా పెట్టండి: డేటాను పాడుచేసేవి, ఏదో ఒక పనిని అడ్డుకునేవి, చూపుకు మాత్రమే బాగుండనివి. మొదటి గుంపు ఖాళీ అయ్యేదాకా మూడో గుంపును ముట్టుకోవద్దు. డెమోలను వారానికి ఒకటి చేయండి, ప్రతిసారీ కొత్త క్లోన్ నుంచే. ఆఖరి నోటులో ఈ మూడు ఉండాలి: సరిచేయకుండా వదిలేసిన బగ్గులు, ప్రోగ్రామును సున్నా నుంచి నడిపించే సూచనలు, సర్వర్ ఖాతాలూ పాస్‌వర్డులూ ఎవరికి అప్పగించారో. వచ్చే ఏడాది ఇదే ప్రాజెక్టును కొనసాగించే బృందం ముందుగా వెతికేది ఆ నోటునే.